ప్రమాణం చేసి చెప్పే మాట

(కేతేపల్లిలో ఆలయ కల్యాణ మంటపంలో జరిగిన భక్తుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ మధ్య అర్చన చేయించుకునే వారి సంకల్పాలలో ఒక కొత్త కోరిక తరచుగా వినిపిస్తున్నదని అర్చక స్వామి నాతో అన్నారు. సంతానం కోసం, వాన కోసం, ఆడపిల్ల పెండ్లి కోసం మొక్కుకోవడం మనకు తాతల నాటి నుంచి ఉన్నదే. ఇప్పుడు గోత్రనామాలు చెప్పి, “పిల్లవానికి అమెరికాలో సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూ ఉన్నది స్వామీ” అంటున్నారట. ఆ కోరికలో తప్పు లేదు. అయితే కొందరు గొంతు తగ్గించి మరొక మాట కూడా చేరుస్తున్నారట: “బండి నడిపినప్పటి పాత కేసు ఒకటి ఉన్నది, ఆఫీసరు ఆ సంగతి అడగకుండా చూడాలె.” ఆ రెండవ మాట గురించే నేడు మీతో నాలుగు మాటలు పంచుకోవాలని పెద్దలు నన్ను ఆదేశించారు.

దేవాలయంలో ఈ విషయమేమిటని ఎవరికైనా అనిపించవచ్చు. హైదరాబాదు నుంచి విజయవాడ వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారి మన మండలం మీదుగానే పోతున్నది. కొర్లపహాడ్ టోల్‌గేట్ మన కండ్ల ముందరిదే. కొత్త బండి కొన్నవారు గుడి ముందు ఆపి, పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి కదులుతారు. ఇటు మూసీ ఆయకట్టు పల్లెల నుంచి చదువుకోసం వెళ్లిన పిల్లలు టెక్సాస్‌లో, న్యూజెర్సీలో, వర్జీనియాలో ఇండ్లు కట్టుకుని స్థిరపడ్డారు. మన ఆలయ దాతల పట్టికలో వారి పేర్లు ఎన్నో కనిపిస్తాయి. కనుక బండి నడపడం, పరాయి దేశంలో పౌరసత్వం పొందడం అనే రెండు విషయాలూ మన భక్తుల ఇండ్లలోనివే. వాటిని ముడివేసే మూడవ విషయం సత్యం. అది గుడిలో మాట్లాడుకోదగినదే.

నేను న్యాయవాదిని కాను. ఈ మండలంలోనే పుట్టి, ఉద్యోగరీత్యా అమెరికాకు వెళ్లి, పదవీ విరమణ తరువాత అక్కడి ఒక దేవాలయంలో ఆదివారాలు పౌరసత్వ పరీక్షకు సిద్ధమయ్యే వారికి పాఠం చెబుతున్నవాణ్ణి. కాబట్టి నేను చెప్పబోయేది అవగాహన కోసమే. ఎవరి కేసును వారు వలస చట్టం తెలిసిన న్యాయవాదికి చూపించుకోవలసిందే.

ముందుగా ఆ పౌరసత్వం విలువ తెలుసుకోవాలి. ఒకప్పుడు అది భారతీయులకు దొరికేది కాదు. 1923లో భగత్ సింగ్ థింద్ అనే పంజాబీ సిక్కు కేసులో అమెరికా సుప్రీంకోర్టు, భారతీయులు ఆనాటి చట్టం చెప్పిన ‘శ్వేతజాతీయులు’ కారు గనుక పౌరసత్వానికి అర్హులు కారని తీర్పు చెప్పింది. అప్పటికే పౌరులైన కొందరు భారతీయుల పౌరసత్వం కూడా రద్దయింది. 1946 జూలైలో వచ్చిన చట్టంతో గాని ఆ తలుపు తెరుచుకోలేదు. అప్పుడైనా భారతదేశం నుంచి వలస వచ్చేవారికి ఏడాదికి సుమారు 100 మందికి మాత్రమే అవకాశమిచ్చారు. భీమవరంలో పుట్టి, ప్రపంచానికి ప్రాణదానం చేసే ఔషధ పరిశోధనలు సాగించిన యల్లాప్రగడ సుబ్బారావు గారు పాతికేండ్లు ఆ దేశంలోనే శ్రమించారు. 1948లో కన్నుమూసే నాటికి ఆయన ఆ దేశ పౌరులు కారు. అంతటి మహనీయుని కాలంలో మూసి ఉన్న తలుపు నేడు మన పల్లె పిల్లలకు తెరిచి ఉన్నది. ఆ గడప దాటే తీరు కూడా ఆ గౌరవానికి తగినట్లుండాలి.

నేటి పద్ధతి ఇది. గ్రీన్ కార్డు వచ్చిన తరువాత సాధారణంగా 5 సంవత్సరాలు, అమెరికా పౌరులను వివాహమాడి వారితో కలిసి కాపురం చేస్తున్న వారైతే 3 సంవత్సరాలు గడవాలి. తరువాత ఎన్-400 అనే దరఖాస్తు పెట్టుకోవాలి. వేలిముద్రలు తీసుకుంటారు, ఎఫ్‌బీఐ వద్ద ఉన్న రికార్డులతో సరిచూస్తారు. ఆపైన ఇంటర్వ్యూ. అందులో ఇంగ్లీషు చదవడం, రాయడం చూస్తారు. ఆ దేశ చరిత్ర, ప్రభుత్వ విధానం మీద ప్రశ్నలు అడుగుతారు. 2025 అక్టోబరు 20 నాటి నుంచి దరఖాస్తు చేసిన వారికి 128 ప్రశ్నల నుంచి 20 వరకు అడుగుతారు, 12 సరిగా చెప్పాలి. అంతకుముందు దరఖాస్తు చేసిన వారికి 100 ప్రశ్నల నుంచి 10 వరకు అడిగి 6 సరిగా చెబితే చాలన్నారు. మన పిల్లలకు ఇదంతా సులువు. ఎంసెట్ రాసిన వారికి 128 ప్రశ్నలు ఒక లెక్క కాదు.

వారికి నిద్ర పట్టనీయనిది మరొక ప్రశ్న. ఎన్-400లో దాని భావం ఇలా ఉంటుంది: మీ జీవితంలో ఎప్పుడైనా, అమెరికాలో గాని మరెక్కడైనా గాని, ఏ కారణం చేతనైనా పోలీసులు మిమ్మల్ని అరెస్టు చేశారా, సైటేషన్ ఇచ్చారా, నిర్బంధించారా, మీ మీద ఏదైనా నేరం మోపారా? ఇంటర్వ్యూ మొదట్లోనే అధికారి మీ చేత కుడిచేయి ఎత్తించి, నిజమే చెబుతానని ప్రమాణం చేయిస్తారు. ఆ తరువాత ఈ ప్రశ్నలన్నీ ఒక్కొక్కటిగా నోటితో అడుగుతారు.

ఇక్కడ కొన్ని మాటలకు అర్థం తెలుసుకోవాలి. మన దగ్గర చలాన్ ఇంటికి వస్తుంది, డబ్బు కడతాము, మరచిపోతాము. అక్కడ పోలీసు బండి వెనుక వచ్చి, ఆపించి, చేతికిచ్చే టికెట్టునే సైటేషన్ అంటారు. అరెస్టు అంటే అదుపులోకి తీసుకోవడం. కన్విక్షన్ అంటే న్యాయస్థానం దోషిగా నిర్ణయించడం. డిస్మిస్ అంటే కేసు కొట్టివేయడం. ప్రొబేషన్ అంటే జైలుకు పంపకుండా నిర్ణీత కాలం షరతుల మీద బయట ఉంచడం. ఇవన్నీ వేర్వేరు. మా తరగతిలో సాఫ్ట్‌వేరు రాసే పిల్లలు కూడా వీటిని కలగలిపి చెబుతారు. అరెస్టు కాలేదు గనుక ఏమీ లేదని ఒకరంటారు. కేసు కొట్టివేశారు గనుక అరెస్టే జరగనట్లని మరొకరంటారు. రెండూ సరికావు. కోర్టు రికార్డును చెరిపివేసినా, మూసి ఉంచినా, జరిగిన సంగతిని ఈ దరఖాస్తులో చెప్పవలసిందే.

నేరాల బరువు కూడా రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. వర్జీనియాలో గంటకు 85 మైళ్లు, అంటే సుమారు 137 కిలోమీటర్లు దాటి నడిపితే అది వట్టి వేగం కేసు కాదు. నిర్లక్ష్యంగా బండి నడిపిన క్రిమినల్ నేరం కిందికి వస్తుంది. మద్యం సేవించి నడపడాన్ని కొన్ని రాష్ట్రాలలో డీయూఐ అని, కొన్నింట డీడబ్ల్యూఐ అని పిలుస్తారు. న్యూజెర్సీలో దానిని ట్రాఫిక్ ఉల్లంఘనగానే పరిగణిస్తారు. అయినా పౌరసత్వ అధికారి ముందు దానికి అంతే బరువు ఉంటుంది. దాదాపు అన్ని రాష్ట్రాలలోనూ రక్తంలో మద్యం 0.08 శాతం ఉంటే నేరం, యూటాలో 0.05 శాతానికే నేరం. మన మోటారు వాహనాల చట్టం పరిమితి ఇంకా కఠినం: 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు, అంటే 0.03 శాతం.

ఇప్పుడు అసలు సందేహానికి వద్దాము. పాత కేసు ఉంటే పౌరసత్వం రాదా? చట్టం అడిగేది ‘మంచి నైతిక ప్రవర్తన’. దరఖాస్తుకు ముందు 5 సంవత్సరాలూ, ఆపైన తుది ప్రమాణం చేసే రోజు వరకూ ఆ ప్రవర్తన నిలవాలి. అవసరమనుకుంటే అధికారి అంతకు ముందరి సంగతులనూ చూడవచ్చు. మామూలు వేగం టికెట్టు వలన పౌరసత్వం పోదు. అరెస్టు లేకుండా, 500 డాలర్ల లోపు జరిమానాతో గాని, లైసెన్సు మీద పాయింట్లతో గాని ముగిసి, మద్యంతో, మత్తు పదార్థాలతో సంబంధం లేని టికెట్టు అయితే దాని పత్రాలు జతచేయనక్కర లేదని దరఖాస్తు సూచనలే చెబుతున్నాయి. పత్రాలు అక్కరలేదన్నారు గాని, అడిగినప్పుడు చెప్పనక్కర లేదనలేదు. మద్యం కేసు ఒక్కటే ఉంటే అది తనంతట తాను తలుపు మూయదు, అయితే అధికారి దానిని నిశితంగా చూస్తారు. ఆ 5 సంవత్సరాల లోపల రెండు గాని అంతకు మించి గాని మద్యం కేసులలో శిక్షపడితే, మంచి ప్రవర్తన లేనట్లే భావించాలని 2019 అక్టోబరులో ఆ దేశ అటార్నీ జనరల్ ఒక కేసులో నిర్ణయించారు. ఆ భావన తప్పని నిరూపించుకునే భారం దరఖాస్తుదారు మీదనే ఉంటుంది, తరువాత మారానని చూపడం మాత్రమే సాధారణంగా చాలదు. ప్రొబేషన్ గడువు నడుస్తుండగా దరఖాస్తు మంజూరు కాదు. 2025 ఆగస్టులో పౌరసత్వ శాఖ ఇచ్చిన ఆదేశంలో, పదేపదే చేసే ట్రాఫిక్ ఉల్లంఘనలను కూడా ప్రవర్తన అంచనాలో లెక్కలోకి తీసుకోవచ్చన్నారు. అదే ఆదేశం సమాజ సేవను, కుటుంబ బాధ్యతను, పన్నులు సక్రమంగా కట్టడాన్ని, చదువును మంచి వైపు లెక్కించమన్నది.

ఇవన్నీ ఒక ఎత్తు. ప్రమాణం చేసి అబద్ధం చెప్పడం మరొక ఎత్తు. పౌరసత్వం కోసం ప్రమాణపూర్వకంగా నోటితో అబద్ధమాడిన వారికి మంచి ప్రవర్తన లేదని చట్టమే చెబుతున్నది. ఆ అబద్ధం చిన్న విషయం మీదనైనా సరే, ప్రయోజనం పొందాలనే ఉద్దేశంతో ఆడితే చాలునని 1988లో సుప్రీంకోర్టు కుంగిస్ అనే వ్యక్తి కేసులో వివరించింది. అంటే 150 డాలర్ల టికెట్టు ఎవరి పౌరసత్వాన్నీ ఆపదు, దానిని దాచడానికి ఆడిన అబద్ధం ఆపగలదు. వేలిముద్రలు వారి దగ్గర ఉన్నాయి, రికార్డు వారి ముందు తెరిచి ఉన్నది. చాలాసార్లు అధికారి తనకు తెలియనిది తెలుసుకోవడానికి అడగరు. తనకు తెలిసినదానిని మీరు చెబుతారా లేదా అని చూస్తారు.

ఇటువంటి ఇంటర్వ్యూ మన ఉపనిషత్తులలో ఒకటున్నది. ఛాందోగ్యంలో సత్యకాముడనే బాలుడు గురుకులంలో చేరాలనుకుంటాడు. గోత్రమేమిటని తల్లి జాబాలను అడుగుతాడు. తాను పలుచోట్ల పరిచర్య చేస్తూ తిరిగిన యౌవనంలో అతడు పుట్టాడని, గోత్రం తనకు తెలియదని ఆ తల్లి దాపరికం లేకుండా చెబుతుంది. బాలుడు గౌతముని ముందు నిలిచి, తల్లి చెప్పిన మాటను ఉన్నదున్నట్లు అప్పగిస్తాడు. చక్కని గోత్రం ఒకటి కల్పించి చెబితే అడిగేవారు లేరు. అతడు ఆ పని చేయలేదు. సత్యం నుంచి తొలగలేదు గనుక నిన్ను స్వీకరిస్తున్నానని గురువు అతనికి ఉపనయనం చేశాడు. ఈ కథలో నన్ను ఎక్కువగా కదిలించేది ఆ తల్లి. కొడుకు నిజం చెప్పగలిగాడంటే, ముందు ఇంట్లో తల్లి నిజం చెప్పింది కాబట్టే.

మా తరగతికి వచ్చిన ఒక యువకుని సంగతి చెబుతాను. మన జిల్లా వాడే. పేరు, ఊరు చెప్పను. స్నేహితుని పుట్టినరోజు విందు నుంచి కారు నడుపుకుంటూ వస్తుండగా పోలీసులు ఆపారు. మద్యం కేసు నమోదయింది. కోర్టు జరిమానా వేసింది, లైసెన్సు కొంతకాలం నిలిపివేసింది, మద్యం గురించిన తరగతులకు హాజరు కమ్మన్నది. అన్నీ పూర్తి చేశాడు. అది జరిగి ఆరేండ్లు దాటింది. ఆ తరువాత మరొక టికెట్టు కూడా లేదు. ఇంటర్వ్యూ సాధన చేయిస్తూ, “ఎప్పుడైనా అరెస్టు అయ్యారా?” అని అడిగితే, తడుముకోకుండా “లేదు” అన్నాడు. తరగతి ముగిసి అందరూ వెళ్లిన తరువాత నా దగ్గరకు వచ్చి నిలబడ్డాడు. “అందరి ముందర ఎట్ల చెప్తా సార్? నా భార్యకు కూడా చెప్పలేదు. నాయినకు తెలిస్తే తట్టుకోలేడు” అన్నాడు.

అధికారి అంటే అతనికి అంత భయం లేదు. ఇంట్లో తెలుస్తుందన్నదే భయం. ఆ భయంతోనే అధికారి ముందు కూడా “లేదు” అనడానికి సిద్ధపడ్డాడు. నేను ఒకటే అడిగాను: “తండ్రికి చెప్పలేని మాట, ప్రమాణం చేసి పరాయివానికి ఎట్లా చెబుతావు నాయనా? ముందు ఇంట్లో చెప్పు. అక్కడ నోరు విప్పితే ఇక్కడ నాలుక తిరుగుతుంది.” ఆ వారమంతా అతడు ఫోను చేయలేదు. తరువాత తెలిసింది, భార్యకు చెప్పాడు, కేతేపల్లికి అంత దూరంలో లేని తన ఊరిలోని తండ్రికీ చెప్పాడు. తండ్రి చాలాసేపు మాట్లాడలేదట. చివరకు, “ఎవరికైనా దెబ్బ తగిలిందా కొడుకా?” అని మాత్రం అడిగాడట. లేదన్నాడు. “అయితే ఉన్నదున్నట్టు చెప్పు” అన్నాడట ఆ పెద్దమనిషి. నలభై ఏండ్లు ఎడ్లబండి, ట్రాక్టరు నడిపిన రైతు వేసిన ఆ ఒక్క ప్రశ్నలో చట్టమంతా ఉన్నది.

ఆ తరువాత మేము కలిసి చేసిన సన్నాహం ఇది. మీ ఇంట్లోని వారికి ఉపయోగపడుతుంది గనుక వివరంగా చెబుతున్నాను.

మొదటిది, జ్ఞాపకాన్ని నమ్ముకోకుండా కాగితం తెప్పించుకోవడం. తాను నివసించిన ప్రతి రాష్ట్రంలోని మోటారు వాహనాల శాఖ నుంచి డ్రైవింగ్ రికార్డు తెప్పించాలి. కేసు నడిచిన కోర్టు నుంచి తుది నిర్ణయం ధృవీకరించిన నకలు తీసుకోవాలి. కొట్టివేసిన కేసైనా ఆ నకలు ఉండాలి. జరిమానా కట్టిన రసీదు, తరగతులు పూర్తి చేసిన పత్రం, ప్రొబేషన్ ముగిసిన పత్రం జతచేయాలి. పాత కేసుల కాగితాలు రావడానికి వారాలు పట్టవచ్చు, కనుక ఇంటర్వ్యూ నోటీసు వచ్చేదాకా ఆగరాదు.

రెండవది, దరఖాస్తు పెట్టకముందే న్యాయవాదిని కలవడం. మత్తు పదార్థాల కేసు, ఎవరికైనా గాయమైన కేసు, ఒకటికి మించిన మద్యం కేసు, జైలులో గడిపిన కాలం ఉన్నవారికి ఇది తప్పనిసరి. కొన్ని కేసులలో పౌరసత్వం మాట అటుంచి, గ్రీన్ కార్డుకే ముప్పు రావచ్చు. దరఖాస్తు పెట్టడమే ఆ ముప్పును పిలిచినట్లు కావచ్చు. దళారులు, సర్టిఫికెట్లు చేయించి ఇస్తామనేవారు, ఫోనులో ధైర్యం చెప్పే స్నేహితులు న్యాయవాదికి ప్రత్యామ్నాయం కారు.

మూడవది, జవాబును నాలుగు వాక్యాలలో అమర్చుకోవడం. ఏమి జరిగింది, ఏ తేదీన, కోర్టు ఏమన్నది, తాను ఏమి పూర్తి చేశాడు. అంతకు మించి అధికారి అడిగితే చెప్పాలి. పోలీసును నిందించడం, స్నేహితుల మీదకు నెట్టడం, కండ్లనీళ్లు పెట్టుకుని కథ పెంచడం పనికిరావు. ఆ యువకుడు మొదటిసారి చెప్పినప్పుడు పది నిమిషాలు పట్టింది. అందులో స్నేహితులు, వాన, ఖాళీ రోడ్డు అన్నీ వచ్చాయి, తాను మాత్రం రాలేదు. ఆరవసారి చెప్పినప్పుడు “నేను తాగి కారు నడిపాను” అనే మాటతో మొదలుపెట్టాడు. ఇక చాలన్నాను.

నాలుగవది, దరఖాస్తులో ఏదైనా పొరపాటుగా రాసి ఉంటే, ఇంటర్వ్యూలో ఆ ప్రశ్న వచ్చేదాకా ఆగకుండా ముందుగానే, ఈ జవాబును సరిదిద్దాలనుకుంటున్నానని అధికారికి చెప్పడం. అడిగి పట్టుకున్న తరువాత ఒప్పుకోవడానికి, అడగకముందే సరిదిద్దడానికి ఎంతో తేడా ఉన్నది.

ఇంటర్వ్యూలో అతనిని ఆ కేసు గురించి అడిగారు. చెప్పాడు, కాగితాలు ఇచ్చాడు. ఆ రోజు నిర్ణయం చెప్పలేదు. తరువాత మంజూరయినట్లు తెలిసింది.

అందరికీ ఇటువంటి ముగింపు ఉంటుందని నేను చెప్పను. సత్యం చెబితే కోరిక తీరి తీరుతుందని చెప్పడం కూడా ఒక విధమైన అసత్యమే. మన చుట్టుపక్కల ఊరికే చెందిన ఒక మాతృమూర్తి నన్ను నిలదీశారు. ఆమె కుమారునికి మూడేండ్లలో రెండు మద్యం కేసులు పడ్డాయి. ఇప్పుడు దరఖాస్తు పెట్టవద్దు, చివరి కేసు తరువాత 5 సంవత్సరాలు నిండనీయమని న్యాయవాది చెప్పాడు. “నా కొడుకు దొంగతనం చేసిండా, ఖూనీ చేసిండా సార్? వానితోటి పోయినోళ్లందరికీ వచ్చింది” అని ఆమె కంటతడి పెట్టుకున్నారు. ఆమె దుఃఖం నాకు అర్థమయింది. కాని ఆమెకు నేను చెప్పగలిగింది ఇంతే: అమ్మా, రెండుసార్లూ ఆ కారుకు ఎదురుగా ఒక తల్లి కొడుకు రాకపోవడం మన అదృష్టం. ఎదురుచూపు ఐదేండ్లు. ఆ రోడ్డు మీద ప్రమాదమే జరిగి ఉంటే ఎదురుచూపుకు అంతమే ఉండేది కాదు. ఆ అబ్బాయి మద్యం మానివేసి రెండేండ్లయినది. పౌరసత్వం వచ్చినా రాకపోయినా ఆ ఇంటికి వచ్చిన మేలు అది.

సగం నిజం గురించి కూడా ఒక మాట చెప్పాలి. పిల్లలలో చాలామంది పచ్చి అబద్ధం ఆడరు. “అరెస్టు కాలేదు” అని బిగ్గరగా చెప్పి, టికెట్టు సంగతి మింగుతారు. కురుక్షేత్రంలో ధర్మరాజు చేసింది ఇదే కదా. అశ్వత్థామ మరణించాడని అందరికీ వినబడేలా చెప్పి, ఏనుగన్న మాటను లోగొంతుకలో అన్నాడు. అంతవరకు నేలకు నాలుగంగుళాల ఎత్తున నడిచిన ఆయన రథం ఆ క్షణాన భూమిని తాకిందని భారతం చెబుతున్నది. జీవితమంతా సత్యవ్రతుడైన వానికి కూడా ఆ ఒక్క సగం మాటకు మినహాయింపు దొరకలేదు. కుడిచేయి ఎత్తి ప్రమాణం చేసిన వారి రథం కూడా ఆ గదిలో అటువంటి పరీక్షకే నిలబడుతుంది.

ఇక మన రహదారికి వద్దాము. సంక్రాంతికి అమెరికా నుంచి వచ్చే పిల్లలు హైదరాబాదులో దిగి, కార్లు తీసుకుని ఇదే రోడ్డు మీద వస్తారు. ఆ నాలుగు రోజులు మన టోల్‌గేట్ దగ్గర వాహనాల బారులు మీరు చూస్తూనే ఉన్నారు. అక్కడ నియమం తప్పని పిల్లలు ఇక్కడికి రాగానే, మన ఊరే కదా అని స్టీరింగు ముందు కూర్చుని గ్లాసు పట్టడం నేను విన్నాను. ఎన్-400లో ప్రశ్న అమెరికాలో జరిగినదానికే పరిమితం కాదని ముందే చెప్పాను. మన దేశంలో డ్రంకెన్ డ్రైవ్ కేసు పడితే అది కూడా అక్కడ చెప్పవలసిందే. మన చట్టం ప్రకారం మొదటిసారి తాగి నడిపితే 6 నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ ఉంటాయి. మరల చేస్తే 2 సంవత్సరాల వరకు జైలు, 15,000 రూపాయల జరిమానా. ఇంతకంటె పెద్ద మాట మరొకటున్నది. ఈ రోడ్డు దాటేది మన పిల్లలు, మన రైతులు, మన గుడికి కాలినడకన వచ్చే భక్తులు.

తల్లిదండ్రులకు, దాతలకు నా మనవి. బిడ్డ ఎప్పుడైనా ఫోను చేసి, “అమ్మా, ఒక తప్పు జరిగింది” అని చెబితే, పరువు సంగతి ముందు ఎత్తకండి. ఎవరికైనా దెబ్బ తగిలిందా అని అడిగిన ఆ తండ్రిని తలచుకోండి. దాచమని సలహా ఇవ్వకండి. పక్కింటివారితో పోల్చకండి. మీరు కోపగిస్తారన్న భయమే వారిని అధికారి ముందు అబద్ధానికి నెట్టవచ్చు. మొక్కుకోవడం మానవద్దు. ఆఫీసరు అడగకూడదని కాక, అడిగినప్పుడు నా బిడ్డ నోట సత్యమే రావాలని మొక్కండి.

మన ధర్మశాస్త్రాలు ప్రాయశ్చిత్తానికి ఒక క్రమం చెప్పాయి. మనుస్మృతి పదకొండవ అధ్యాయం, చేసిన పాపం తొలగడానికి దారులు చెబుతూ, దానిని నలుగురికీ వెల్లడించడాన్ని మొదట పేర్కొన్నది. పశ్చాత్తాపం, తపస్సు, అధ్యయనం ఆ తరువాత చెప్పింది. ఇటువంటి పని మరల చేయనని నివృత్తి చెందినవాడే శుద్ధుడవుతాడన్నది. పరాయి దేశపు చట్టం అడిగేదీ దాదాపు ఇదే: జరిగినది చెప్పు, శిక్ష పూర్తి చేయి, మరల చేయకుండా ఉండు, అలా ఉన్నావని కాలం చేత నిరూపించు. మన పిల్లలకు ఇది కొత్త పాఠం కాదు. తమ ఇంటి పాఠాన్నే వేరొక భాషలో అప్పగించాలి.

ఆ దేశ పౌరసత్వం తీసుకున్న రోజున మన దేశ పౌరసత్వం పోతుంది. మన రాజ్యాంగం రెండింటికి చోటివ్వదు. పాస్‌పోర్టును అప్పగించి, ఓసీఐ కార్డు తీసుకోవాలి. అంత పెద్ద త్యాగం చేసి అందుకునే స్థానాన్ని దాపరికం మీద నిలబెట్టుకుంటే, ఏండ్ల తరువాతనైనా అది కదలవచ్చు. మోసంతో పొందిన పౌరసత్వాన్ని రద్దు చేసే అధికారం అక్కడి న్యాయస్థానాలకు ఉన్నది. సత్యం మీద నిలబెట్టుకున్నది, ఆలస్యమైనా, స్థిరంగా ఉంటుంది. విదేశంలో ఏ పౌరసత్వం తీసుకున్నా వారు మన ఊరి బిడ్డలే. వారి మాటకు అక్కడ ఎంత విలువ ఉంటే మన ఊరికి అంత గౌరవం.

మీ పిల్లలు క్షేమంగా ప్రయాణించాలని, అడిగిన చోట తలెత్తి సత్యం చెప్పగలగాలని, ఆ శక్తిని స్వామి ప్రసాదించాలని ప్రార్థిస్తున్నాను. స్వస్తి.